డిగ్రీ కోర్సులో విదేశీ ప్రయాణం: గ్రాంట్ ఎంత అడగాలి, ఎవరి కోసం అడగాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వరద నిర్వహణ మీద మూడో సంవత్సరం డిగ్రీ విద్యార్థులకు ఒక కోర్సు చెబుతున్నారు. ఇప్పటికే నడుస్తున్న కోర్సులకు చిన్న విదేశీ ప్రయాణం జోడించే అధ్యాపకులకు గ్రాంట్ ఇస్తామని మీ విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఇరవై మందిని పది రోజులు నెదర్లాండ్స్ తీసుకెళ్ళాలని మీ ఆలోచన. ఎంత అడగాలి, విద్యార్థుల దగ్గర కొంత వసూలు చేయవచ్చా, కమిటీ ఏం చూసి ఇస్తుంది? ఇవీ మీ సందేహాలు. ఇలాంటి కోర్సులు నేను నడిపాను, తర్వాత ఇలాంటి దరఖాస్తులకు మార్కులు వేసే కమిటీలోనూ కూర్చున్నాను. అడిగేవారి ఇబ్బందీ ఇచ్చేవారి ఇబ్బందీ రెండూ చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబు తేలితే మిగతా రెండూ వాటంతట అవే తేలతాయి.

వసూలు చేయకండి. చేయక తప్పదంటే, మీ క్లాసులో అందరికంటే తక్కువ డబ్బున్న విద్యార్థి ఎంత పెట్టగలడో కనుక్కుని అక్కడ ఆగిపోండి. ఆ అంకె చాలాసార్లు సున్నా. సెలవుల్లో ఎవరికి వీలైతే వాళ్ళు వెళ్ళొచ్చే విహారయాత్ర అయితే ఎవరి ఖర్చు వాళ్ళు పెట్టుకుంటారు, అది వేరే సంగతి. మీరు చేస్తున్నది అది కాదు. కోర్సు లోపల, క్రెడిట్ల లోపల, మార్కుల లోపల ప్రయాణాన్ని పెడుతున్నారు. అలా పెట్టిన క్షణం నుంచి కోర్సులో పేరు రాసుకున్న ప్రతి ఒక్కరికీ దాని మీద హక్కు వస్తుంది. కెమిస్ట్రీ క్లాసులో డబ్బు కట్టినవాళ్ళకే ల్యాబ్ తలుపు తీస్తామంటే ఏ డిపార్ట్‌మెంట్ మీటింగులోనూ ఒప్పుకోరు. ప్రయాణం విషయంలో మాత్రం అదే మాట ఎవరికీ వింతగా తోచదు. విమానం అనగానే అదేదో అదనపు సౌకర్యం అన్న భావన మనలో పాతుకుపోయి ఉంది.

'మొత్తం ఖర్చులో విద్యార్థి వాటా ముప్పై శాతం మాత్రమే' అని రాసిన దరఖాస్తులు ఎన్నో నా చేతికి వచ్చాయి. రాసినవాళ్ళు మంచి అధ్యాపకులు, గ్రాంట్‌ను పొదుపుగా వాడాలన్న సదుద్దేశంతోనే అలా రాశారు. ఆ ముప్పై శాతం చేసే పని ఏమిటంటే, కట్టలేని విద్యార్థి వచ్చి 'నేను కట్టలేను' అని చెప్పడు. ఆ కోర్సే తీసుకోడు. అడిగితే టైమ్‌టేబుల్ కుదరలేదంటాడు. మీకు ఇరవై సీట్లకు ఇరవై మంది దొరుకుతారు, అందరూ సంతోషంగా వెళ్ళొస్తారు, నివేదికలో 'నూరు శాతం భాగస్వామ్యం' అని రాస్తారు. రానివాళ్ళ పేర్లు ఏ కాగితం మీదా ఉండవు. ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. తప్పు జరిగిందన్న ఆనవాలు కూడా మిగలదు.

పైగా వాటా ఒక్కటే ఖర్చు కాదు. పాస్‌పోర్టు లేనివాళ్ళు ఉంటారు, వాళ్ళకు ఆ ఫీజు ఉంది. వీసా ఫీజు ఉంది. వేలిముద్రలు ఇవ్వడానికి వీసా కేంద్రం ఉన్న ఊరికి వెళ్ళిరావడానికి ఛార్జీలు ఉన్నాయి. అక్కడి చలికి, వానకు తగిన కోటు, బూట్లు కావాలి. చదువుకుంటూ ఏదో ఉద్యోగం చేసుకునే విద్యార్థికి ఆ పది రోజుల జీతం పోతుంది, ఒక్కోసారి ఉద్యోగమే పోతుంది. ఇంట్లో చిన్నపిల్లనో, మంచాన పడ్డ పెద్దవాళ్ళనో చూసుకునే విద్యార్థి తన బదులు మనిషిని పెట్టుకోవాలి. వీటిలో ఒక్కటి కూడా సాధారణంగా బడ్జెట్ పట్టికలో కనిపించదు. మీ పట్టికలో కనిపించేలా చేయండి. 'ప్రయాణ సన్నాహ సహాయం' అని ఒక పద్దు పెట్టి, ఎవరికి ఎంత అవసరమో గోప్యంగా చూసి ఇచ్చే పని మీ చేతుల్లో కాకుండా స్కాలర్‌షిప్ విభాగం చేతుల్లో పెట్టండి. తనకు మార్కులు వేసే అధ్యాపకుడి దగ్గర తన పేదరికం చెప్పుకోవాల్సిన అవసరం ఏ విద్యార్థికీ రాకూడదు.

ఇంకా పెద్ద అడ్డంకి రీయింబర్స్‌మెంట్. 'ముందు మీరు ఖర్చు పెట్టుకోండి, తిరిగొచ్చాక బిల్లులిస్తే డబ్బు వేస్తాం' అన్న ఒక్క వాక్యం చాలు, నూరు శాతం నిధులున్న కార్యక్రమం కూడా డబ్బున్నవాళ్ళ కార్యక్రమంగా మారిపోవడానికి. అప్పు పుట్టగలిగినవాళ్ళే బయల్దేరతారు. బిల్లులు పాసయ్యేదాకా ఆ అప్పు మీద వడ్డీ వాళ్ళే కడతారు. కాబట్టి దరఖాస్తు రాయడానికి ముందే ఫైనాన్స్ సెక్షన్‌కు వెళ్ళి కూర్చోండి. విమాన టికెట్లు, బస, స్థానిక రవాణా విశ్వవిద్యాలయమే నేరుగా కొనగలదా? రోజువారీ భత్యం బయల్దేరే ముందే ఖాతాలో వేయగలదా? ఈ రెండింటికీ అవునన్న జవాబు రాతపూర్వకంగా తీసుకుని దరఖాస్తుకు జత చేయండి. నేను కమిటీలో ఉన్నప్పుడు ఇలాంటి ఒక్క ఉత్తరం ఉన్న దరఖాస్తును చూస్తే ఈ మనిషి నిజంగా పని చేయబోతున్నాడన్న నమ్మకం కలిగేది.

డబ్బు ఏ దారిలో విద్యార్థికి చేరుతుందన్నది మరో కారణం వల్ల కూడా ముఖ్యం. కొన్ని దేశాల్లో స్కాలర్‌షిప్ రూపంలో ఇచ్చి ప్రయాణానికి వాడిన డబ్బు పన్ను పరిధిలోకి వస్తుంది. అమెరికాలో ట్యూషన్‌కు, తప్పనిసరి పుస్తకాలకు వాడిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు కానీ ప్రయాణానికి, భోజన వసతికి వాడిన భాగం ఆదాయంగానే లెక్క. అంతేకాదు, కొత్తగా వచ్చిన సొమ్మును చూపించి విద్యార్థికి అప్పటికే వస్తున్న ఆర్థిక సహాయంలో కోత పెట్టే నిబంధనలూ ఉంటాయి. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నట్టవుతుంది. మీ విశ్వవిద్యాలయంలో నిబంధన ఎలా ఉందో స్కాలర్‌షిప్ విభాగాన్ని అడిగి, విద్యార్థికి నష్టం లేని దారినే ఎంచుకోండి.

ఇదంతా నా ఒక్కరి పట్టుదల అనుకోకండి. పెద్ద ప్రభుత్వ పథకాలు కూడా ఇటువైపే నడిచాయి. అమెరికాలో గిల్మన్ స్కాలర్‌షిప్ 2000లో చేసిన చట్టంతో మొదలైంది. ఆర్థిక అవసరం ఆధారంగా ఇచ్చే పెల్ గ్రాంట్ అందుకుంటున్న డిగ్రీ విద్యార్థుల కోసమే దాన్ని పెట్టారు, 5,000 డాలర్ల వరకూ ఇస్తుంది. బ్రిటన్ 2021లో మొదలుపెట్టిన ట్యూరింగ్ పథకంలో వెనుకబడిన నేపథ్యాల విద్యార్థులకు ప్రయాణ ఖర్చుల కోసం అదనపు సహాయం పెట్టారు. 1987లో మొదలైన యూరప్ విద్యార్థి మార్పిడి పథకం ఎరాస్మస్ కూడా తన ఇప్పటి రూపంలో, అవకాశాలు తక్కువ ఉన్నవారికి అదనపు మొత్తం కలిపి ఇస్తోంది. మీ దరఖాస్తులో వీటిని ఒక్క పేరాలో ప్రస్తావించండి. మీరు అడుగుతున్నది అతిశయం కాదని కమిటీకి తెలుస్తుంది.

ఇక ఎంత అడగాలన్న ప్రశ్న. బడ్జెట్‌ను మొత్తంగా రాసి ఇరవైతో భాగించకండి. రెండు రకాల ఖర్చులను విడగొట్టండి. మనిషి మనిషికీ పెరిగేవి కొన్ని: టికెట్, బస, భోజనం, వీసా, బీమా. ఎందరు వచ్చినా మారనివి కొన్ని: బస్సు అద్దె, స్థానిక మార్గదర్శి, అనువాదకుడు, అధ్యాపకుల ఖర్చు, ముందుగా ఏర్పాట్లు చూసిరావడానికి ఒక పర్యటన. ఇరవై మంది అనుకున్న చోట పదహారు మందే వస్తే రెండో రకం ఖర్చు తలకు 25 శాతం పెరుగుతుంది. వీసా రాకపోవడం, అనారోగ్యం, ఇంట్లో పెళ్ళి, కారణం ఏదైనా నలుగురు తగ్గడం మామూలే. విద్యార్థుల వాటా మీద ఆధారపడ్డ బడ్జెట్ సరిగ్గా ఇక్కడే కూలుతుంది. మిగిలిన పదహారు మంది దగ్గరకు వెళ్ళి 'ఇంకొంచెం కట్టండి' అనాల్సి వస్తుంది, లేదా కార్యక్రమం రద్దు చేసి తిరిగి రాని టికెట్ల డబ్బు ఎవరు భరించాలో తేల్చుకోవాల్సి వస్తుంది. అందుకని మారని ఖర్చులన్నీ గ్రాంట్ మీదో డిపార్ట్‌మెంట్ మీదో పెట్టండి. తలసరి ఖర్చులు మాత్రమే విద్యార్థుల సంఖ్యతో కదలాలి. ఎంతమందికి తగ్గితే కార్యక్రమం ఆపేస్తారో ఆ అంకె, ఏ తేదీకి ఆ నిర్ణయం తీసుకుంటారో ఆ తేదీ దరఖాస్తులోనే రాయండి.

అధ్యాపకుల ఖర్చు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇరవై మందికి ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, ఒక్కరు చాలరు. ఒక విద్యార్థి ఆసుపత్రిలో చేరితే ఒకరు అక్కడే ఉండిపోవాలి, మరొకరు మిగతావాళ్ళతో ముందుకు సాగాలి. ఆ రెండో మనిషి సీనియర్ ప్రొఫెసర్ కానవసరం లేదు. విద్యార్థి వ్యవహారాలు చూసే సిబ్బందిలో ఒకరో, ఆ విషయంలో పరిశోధన చేస్తున్న స్కాలరో అయితే ఇంకా మంచిది. ట్రావెల్ ఏజెన్సీలు ఇంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడి టికెట్ ఉచితం అంటాయి. ఆ ఉచితం ఎక్కడి నుంచీ ఊడిపడదు, విద్యార్థుల టికెట్లలో కలిపే ఉంటుంది. విద్యార్థుల డబ్బుతో అధ్యాపకుడు ప్రయాణించడం నాకు సమ్మతం కాదు. మీ టికెట్ ఖర్చు విడిగా, అందరికీ కనిపించేలా, విశ్వవిద్యాలయం సొమ్ముతో ఉండాలి.

మారకపు రేటు కదలికల కోసం, అనుకోని ఖర్చుల కోసం మొత్తంలో పది శాతం విడిగా పెట్టండి. కొన్ని గ్రాంట్లు అలాంటి పద్దును ఒప్పుకోవు. అప్పుడు డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో అంత మొత్తానికి హామీ ఉత్తరం తీసుకోండి.

ఇప్పుడు కమిటీ ఏం చూస్తుందన్నది. ప్రతి దరఖాస్తులోనూ 'విద్యార్థుల దృక్పథం విశాలమవుతుంది', 'ప్రపంచ పౌరులుగా ఎదుగుతారు' అన్న వాక్యాలు ఉంటాయి. అవి నిజమే కావచ్చు కానీ వాటికి మార్కులు పడవు, ఎందుకంటే ఏ దేశానికి వెళ్ళినా, ఏ కోర్సులోనైనా రాయగలిగే మాటలు అవి. మా కమిటీలో అడిగే ప్రశ్న ఒక్కటే ఉండేది: అక్కడికి వెళ్ళకపోతే నేర్చుకోలేనిది ఏమిటి? మీ దరఖాస్తు బలమంతా దీని మీదే నిలబడుతుంది. మీ అదృష్టం, మీ విషయానికి ఈ ప్రశ్నకు బ్రహ్మాండమైన జవాబు ఉంది.

మీరు పంపిన చిత్తులో మేస్లాంట్ అడ్డుకట్ట సందర్శన మొదటి స్థానంలో ఉంది. రోటర్‌డామ్‌ను సముద్రపు పోటు నుంచి కాపాడే ఆ రెండు గేట్లు ఒక్కొక్కటి 210 మీటర్ల పొడవు, 1997లో పూర్తయ్యాయి. 1953 ఫిబ్రవరి ఒకటిన వచ్చిన ఉప్పెనలో ఆ దేశంలో 1,836 మంది చనిపోయారు. ఆ తర్వాత చేపట్టిన, 'డెల్టా పనులు' అని పిలిచే వరద రక్షణ కట్టడాల వరుసలో అది చివరి ఘట్టం. చూడదగ్గదే, సందేహం లేదు. కానీ దాని కొలతలు, అది పనిచేసే తీరు, కంప్యూటర్ దాన్ని ఎలా మూయిస్తుందో చెప్పే వీడియోలు మీ క్లాసులోనే చూపించవచ్చు. కమిటీలో ఒక ఇంజినీరు ఉంటే ఇదే అడుగుతాడు. దాన్ని ఉంచాలనుకుంటే ఏటా ఒకసారి, సాధారణంగా సెప్టెంబరులో, పరీక్ష కోసం గేట్లు మూసే రోజుకు మీ ప్రయాణం కలిసేలా చూడండి. అప్పుడు దానికి అర్థం ఉంటుంది. వేరే నెలలో వెళ్తే అది ఒక ఫోటో మాత్రమే.

మీ చిత్తులో అడుగున ఒక్క వాక్యంలో ఉన్న ఓవర్‌డీప్ పోల్డర్‌ను (పోల్డర్ అంటే చుట్టూ గట్లు కట్టి, నీరు తోడేసి వాడుకునే పల్లపు నేల) పైకి తీసుకురండి. 1993లో, 1995లో నదులు ఉప్పొంగాయి. 1995లో దాదాపు రెండున్నర లక్షల మందిని ఇళ్ళ నుంచి తరలించాల్సి వచ్చింది. గట్లు ఇంకా ఇంకా ఎత్తు చేసుకుంటూ పోవడం కుదరదని, నదికే చోటు వదలాలని ఆ దేశం నిర్ణయించుకుంది. ముప్పైకి పైగా చోట్ల ఆ పని చేశారు. ఓవర్‌డీప్‌లో ఉన్నది రైతులు. వాళ్ళ పొలాల్లోకి వరద నీటిని వదలాలన్నారు. రైతులు ఒక ప్రణాళిక తామే ముందుకు తెచ్చారు: ఎత్తైన మట్టి దిబ్బలు కట్టి ఇళ్ళు, పశువుల కొట్టాలు వాటి మీదికి మారుస్తాం, కింద పొలాల్లోకి నీరు రానివ్వండి అని. కొందరు రైతులు ఊరు వదిలి వెళ్ళిపోయారు, కొందరు దిబ్బల మీద ఉండిపోయారు. నదికి ఎగువన ఉన్న పట్టణాల కోసం తన పొలాన్ని నీటికి అప్పగించడానికి ఒప్పుకున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని 'ఎందుకు ఒప్పుకున్నారు, పరిహారం సరిపోయిందా, వెళ్ళిపోయినవాళ్ళతో ఇప్పుడు మాట్లాడతారా' అని అడగడం ఏ వీడియోతోనూ కాదు. వరద నిర్వహణలో అసలు కష్టమైన భాగం కాంక్రీటులో లేదు, ఈ సంభాషణలో ఉంది. మీ విద్యార్థులు రేపు ఇంజినీర్లుగా, అధికారులుగా అలాంటి రైతుల ముందే కూర్చోవాలి. దరఖాస్తులో ఇలా రాయండి, కమిటీ అర్థం చేసుకుంటుంది.

అలా రాస్తే ఇంకో మేలు ఉంది. రైతులతో రెండు రోజులు గడపాలంటే అనువాదకుడు కావాలి, వాళ్ళ సమయానికి గౌరవ పారితోషికం ఇవ్వాలి, అక్కడి విశ్వవిద్యాలయంలో ఒక తోడు కావాలి. ఈ మూడూ బడ్జెట్‌లోకి సహజంగా వచ్చి కూర్చుంటాయి, ఎవరూ వాటిని కొట్టేయరు. మ్యూజియాలు, నగర సందర్శన బస్సులు మొదట కోతకు గురవుతాయి, గురవడమే న్యాయం కూడా. ఆతిథ్యం ఇచ్చేవారికి ఏం ఇస్తున్నామన్నది చాలామంది మరిచిపోతారు. ఏటా ఎక్కడి నుంచో విద్యార్థులు వచ్చి అవే ప్రశ్నలు అడిగి వెళ్ళిపోతుంటే ఏ ఊరివాళ్ళైనా విసిగిపోతారు. మీ విద్యార్థులు చేసే పనిలో కొంత భాగం వాళ్ళకు ఉపయోగపడేలా, చివరికి వాళ్ళ చేతికి అందేలా ముందే వాళ్ళతో మాట్లాడుకోండి.

ఫలితాల గురించి రాసేటప్పుడు జాగ్రత్త. విదేశాల్లో చదివిన విద్యార్థులు డిగ్రీ పూర్తిచేసే అవకాశం ఎక్కువని చూపే అధ్యయనాలు ఉన్నాయి. జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థలో 2000 తర్వాత జరిగిన పెద్ద అధ్యయనం వాటిలో ప్రసిద్ధం. కానీ వెళ్ళగలిగినవాళ్ళు మొదటి నుంచే మెరుగైన స్థితిలో ఉన్నారేమో అన్న అనుమానం ఇలాంటి పోలికలన్నిటినీ వెంటాడుతుంది. మీకు ఇక్కడ ఒక మంచి అవకాశం ఉంది. క్లాసు మొత్తాన్ని తీసుకెళ్తున్నారు కాబట్టి ఎంపిక అన్న చిక్కు చాలావరకు తొలగిపోతుంది. ప్రయాణానికి ముందూ తర్వాతా ఒకే సమస్య ఇచ్చి, ఒక వరద ప్రాంతానికి ప్రణాళిక రాయమనండి. ముందు రాసినదానిలో మనుషులు ఎక్కడున్నారు, తర్వాత రాసినదానిలో ఎక్కడున్నారు, పోల్చండి. సంతృప్తి సర్వేల కంటే అది వెయ్యి రెట్లు మేలు.

పది రోజులకు క్రెడిట్లు ఎలా ఇస్తారని డీన్ తప్పకుండా అడుగుతారు. యూరప్ లెక్కలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి చేసే 25 నుంచి 30 గంటల పని. విమానంలో కూర్చున్న గంటలు అందులోకి రావు. ఎరాస్మస్ కింద నడిచే మిశ్రమ ఇంటెన్సివ్ కార్యక్రమాల నమూనా మీకు సరిగ్గా సరిపోతుంది. వాటిలో ప్రత్యక్షంగా గడిపే కాలం 5 నుంచి 30 రోజులు, దాంతోపాటు ఆన్‌లైన్‌లో కలిసి పనిచేసే భాగం తప్పనిసరి, కనీసం మూడు క్రెడిట్లు ఇవ్వాలి. అంటే ప్రయాణం కోర్సుకు నడుమ వస్తుంది. వెళ్ళడానికి ముందు కొన్ని వారాలు అక్కడి విద్యార్థులతో జట్లుగా పని, తిరిగొచ్చాక కొన్ని వారాలు దాన్ని పూర్తిచేయడం. సెమిస్టర్ అయిపోయాక తోకలా తగిలించిన ప్రయాణంలో విద్యార్థులు సగం మనసుతో ఉంటారు, పరీక్షలు అయిపోయాయి కదా.

ఆ ఆన్‌లైన్ భాగం ఇంకో పని కూడా చేస్తుంది. మీ క్లాసులో అందరి దగ్గరా ఒకే దేశపు పాస్‌పోర్టు ఉండదు. కొందరికి వీసాయే అక్కర్లేదు, కొందరికి తిరస్కరించవచ్చు. శరణార్థి హోదాలో ఉన్న విద్యార్థి దేశం దాటితే తిరిగి రావడమే ప్రశ్నార్థకం కావచ్చు. అలాంటి విద్యార్థి వచ్చి తన పరిస్థితి విప్పి చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా, ఎవరైనా ఎంచుకోగల సమానమైన రెండో దారి సిలబస్‌లోనే ఉండాలి. అవే క్రెడిట్లు, అదే స్థాయి పని, అదే జట్టు. ఈ తరహా ఉమ్మడి ఆన్‌లైన్ బోధనను న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ 2006లో ఒక కేంద్రం పెట్టి మరీ పెంచింది, చాలాచోట్ల పరీక్షకు నిలిచిన పద్ధతి. కాకపోతే దాన్ని చూపించి ప్రయాణానికి డబ్బు తగ్గించుకోకండి. డబ్బు లేనివాళ్ళు ఆన్‌లైన్‌లో, ఉన్నవాళ్ళు విమానంలో అన్న ఏర్పాటు వస్తే నేను పైన చెప్పిందంతా వృథా.

తేదీల విషయంలో ఒక చిక్కు ఉంది. నెదర్లాండ్స్‌తో సహా యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు అందాలి. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు, చిక్కు కేసుల్లో 45 రోజుల దాకా పడుతుంది. పాస్‌పోర్టు ఆ ప్రాంతం విడిచిన తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లుబాటు కావాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఇవన్నీ తెలిసినవే. చిక్కు ఏమిటంటే, విశ్వవిద్యాలయ గ్రాంట్ నిర్ణయాలు ఆర్థిక సంవత్సరాన్ని బట్టి వస్తాయి, వీసా అపాయింట్‌మెంట్లు సీజన్‌ను బట్టి దొరుకుతాయి, విద్యార్థుల రిజిస్ట్రేషన్ సెమిస్టర్‌ను బట్టి జరుగుతుంది. మూడు క్యాలెండర్లూ ఒకదానికొకటి పట్టించుకోవు. గ్రాంట్ మంజూరు ఉత్తరం వచ్చేసరికి ప్రయాణానికి రెండు నెలలే మిగిలితే మీ పని అయిపోయినట్టే. కాబట్టి ఈ ఏడాది గ్రాంట్‌తో వచ్చే ఏడాది ప్రయాణం అని రాయండి, డబ్బును తర్వాతి ఆర్థిక సంవత్సరానికి మోసుకెళ్ళే అనుమతి అడగండి. ఆ అనుమతి లేని గ్రాంట్ అయితే, టికెట్లు ఈ ఏడాదిలోనే కొనేలా ప్రణాళిక వేయండి.

భద్రత విషయంలో మీ విశ్వవిద్యాలయానికి ఇప్పటికే ఒక విధానం ఉండే ఉంటుంది, దాన్నే అనుసరించండి. ఆసుపత్రి ఖర్చుతోపాటు అత్యవసరంగా స్వదేశానికి తరలించే ఖర్చు బీమాలో ఉందో లేదో మాత్రం పాలసీ కాగితం చదివి మీరే చూసుకోండి.

కర్బన ఉద్గారాల ప్రశ్న కమిటీలో ఎవరో ఒకరు లేవనెత్తుతారు. వరదల కోర్సుకు వాతావరణ మార్పుతో సంబంధం ఉంది కాబట్టి మీకు తప్పదు. దాటవేయకండి. పది రోజుల్లో నాలుగు దేశాలు తిరగకుండా ఒకే నదీ పరీవాహకంలో ఉండటం, అక్కడ రైళ్ళూ సైకిళ్ళూ వాడటం, దగ్గరి దేశం నుంచి వెళ్ళేవారైతే విమానమే మానేయడం. ఇవి చేయగలిగినవి. ఎరాస్మస్‌లో రైలు, బస్సు లాంటి తక్కువ ఉద్గారాల ప్రయాణానికి అదనపు సహాయం కూడా ఇస్తున్నారు.

విశ్వవిద్యాలయం మొత్తం ఇవ్వలేనంటే? చాలాసార్లు అదే జరుగుతుంది. అప్పుడు విద్యార్థుల వైపు చూడకుండా బయటికి చూడండి. ఇది కొత్తేమీ కాదు. 1923లో డెలవేర్ విశ్వవిద్యాలయం నుంచి రేమండ్ కర్క్‌బ్రైడ్ అనే యువ అధ్యాపకుడు ఎనిమిది మంది డిగ్రీ విద్యార్థులను ఫ్రాన్స్ తీసుకెళ్ళాడు. అమెరికాలో క్రెడిట్లతో కూడిన విదేశీ విద్యకు అదే నాంది అని చెబుతారు. అప్పుడూ ఆ ఖర్చు విశ్వవిద్యాలయ బడ్జెట్ భరించలేదు. అధ్యక్షుడు వాల్టర్ హల్లిహెన్ బయటి దాతల దగ్గరికి వెళ్ళాడు, పారిశ్రామికవేత్త పియరీ డూపాంట్ లాంటివాళ్ళు సాయం చేశారు. ఈనాడు మీకు పూర్వ విద్యార్థులున్నారు, మీ విషయానికి సంబంధించిన ప్రభుత్వ శాఖలున్నాయి, కొన్ని దేశాల్లో జాతీయ పథకాలున్నాయి. ఆస్ట్రేలియా 2014లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన న్యూ కొలంబో ప్లాన్ ఇండో-పసిఫిక్ ప్రాంతానికి వెళ్ళే డిగ్రీ విద్యార్థుల చిన్న కార్యక్రమాలకు కూడా డబ్బు ఇచ్చింది. దాతలను అడిగేటప్పుడు 'కార్యక్రమానికి విరాళం' అనకండి. ఒక విద్యార్థి సీటు పూర్తి ఖర్చు ఎంతో చెప్పి ఆ సీటు అడగండి.

ఎక్కడా డబ్బు పుట్టకపోతే సంఖ్య తగ్గించండి, రోజులు తగ్గించండి, దగ్గరి దేశం ఎంచుకోండి. పది రోజులు ఇరవై మందిని వాటా వసూలు చేసి తీసుకెళ్ళే కంటే, ఆరు రోజులు పన్నెండు మందిని పూర్తి ఖర్చుతో తీసుకెళ్ళడం మేలు. కోర్సులో పన్నెండు మందికే చోటుందని ముందే ప్రకటిస్తే, ఆ పన్నెండు మందిలో ఎవరైనా ఉండగలరు.

చివరిగా మీరు అడగని విషయం ఒకటి. ఇలాంటి గ్రాంట్లు ఎక్కువగా కొత్తగా మొదలుపెట్టడానికి ఇచ్చేవి. మొదటి ఏడాది ఘనంగా జరుగుతుంది, రెండో ఏడాది డబ్బు సగమవుతుంది, మూడో ఏడాది విద్యార్థుల మీద పడుతుంది. కాబట్టి మొదటి దరఖాస్తులోనే మూడేళ్ళ బడ్జెట్ పెట్టండి. మొదటి ఏడాది గ్రాంట్ నుంచి వచ్చే వాటా రెండో ఏడు, మూడో ఏడు ఏ పద్దులోంచి వస్తుందో డీన్ చేత రాయించండి. ఆయన సంతకం పెట్టడానికి వెనకాడితే అది మీకు ఇప్పుడే తెలియడం మంచిది. కోర్సును రెండేళ్ళకోసారి నడపడం లాంటి చిన్న ప్రణాళికకు మార్చుకునే సమయం ఉంటుంది. గడువుకు ఇంకా ఆరు వారాలుందన్నారు. ఈ వారం ఫైనాన్స్ సెక్షన్‌కు, స్కాలర్‌షిప్ విభాగానికి వెళ్ళండి, అక్కడి భాగస్వామికి ఉత్తరం రాయండి. బడ్జెట్ చిత్తు తయారయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెడితే పద్దు పద్దూ చూసి చెబుతాను.